తొమ్మిదో ఫారం

బల్తసార్ రుఖ్టి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది ఏప్రిల్లో, ఒక మంగళవారం పొద్దున. ఎత్తింది నేనే. ఆయన సెక్రటరీ గొంతు సవరించుకుని, "రుఖ్టి గారికి అక్టోబరులో ఎనభై ఏళ్ళు నిండుతున్నాయండీ. ఆయన కట్టిన భవనాలన్నిటినీ ఒకే పుస్తకంగా తేవాలనుకుంటున్నారు. మీరు వేస్తే బాగుంటుందని ఆయన ఉద్దేశం" అంది.

"ఆలోచించి చెప్తాను" అన్నాను, ఎంతో పని ఒత్తిడిలో ఉన్నదానిలా. ఫోను పెట్టేసి, తలుపు గడియ వేసి, గదిలో ఒక్కదాన్నే గంతులేశాను. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. కింద సైకిళ్ళ షాపు అతను పైన బీరువా కూలిందనుకుని మెట్లెక్కి వచ్చాడు పాపం. ఏం లేదు పొమ్మన్నాను.

ఆ ఫోను కోసం పందొమ్మిదేళ్ళు కాచుకుని కూర్చున్నాను మరి. మా ఊరు వింటర్‌టూర్లో నా హోస్లి ప్రచురణలు అంటే భవనాల పుస్తకాలకు పెట్టింది పేరు అని ఇప్పుడు అందరూ అంటారు. బాగా కుదిరిన ప్లాన్లు, కళ్ళకు హాయిగా ఉండే కాగితం, అరచేతిలో తెరుచుకుని నిలబడే బైండింగు. ఇదంతా కళ మీద ప్రేమతో చేశానని పత్రికల వాళ్ళు రాస్తుంటారు. ప్రేమా పాడా! ఒక మనిషి ఏదో ఒకరోజు నా గుమ్మం ఎక్కాలని చేశాను. వంటల పుస్తకాలు వేస్తే రుఖ్టి ఎక్కడు కదా.

సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఎక్కువ చెప్పబోతే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నా భర్త కాస్పర్ పెళ్ళయిన కొత్తలో రుఖ్టి దగ్గర పనిచేసేవాడు. ప్రదాచ్ అనే కొండ ఊళ్ళో బడి కట్టడానికి పోటీ పెట్టారు. మా దేశంలో ఇలాంటి పోటీలకు పంపేవాటి మీద పేర్లుండవు. నమూనా మీద ఒక గుర్తుమాట రాసి పంపాలి, ఎవరెవరు గీశారో ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించాలి. గెలిచింది తేలాకే ఆ కవరు విప్పుతారు. రుఖ్టి ఆఫీసు పంపిందే గెలిచింది. కవరులో పైన రుఖ్టి పేరు, కింద సహాయకుడిగా కాస్పర్ పేరు ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత, డెబ్భై తొమ్మిదిలో, బడి ప్రారంభం రోజున రుఖ్టి వేదికెక్కి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆ కిటికీ తనకు కలలో కనబడిందన్నాడు. దాన్ని గీసిన కాస్పర్ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా పక్కన కాస్పర్ తల వంచుకుని బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ కిటికీ అంటే ఈ వృత్తిలో తెలియనివాళ్ళు లేరు. తరగతి గది గోడ పొడవునా ఒకటే కిటికీ, దాని కింద వెడల్పాటి చెక్క గట్టు. గట్టు ఎత్తు ఏడేళ్ళ పిల్లకు మోకాలి దాకా వస్తుంది, అంతే. పిల్లలు దాని మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, పసుపు బస్సు రోడ్డు మలుపు తిరగడం చూస్తారు. దాన్ని చూడ్డానికి జపాను నుంచి కూడా వస్తారు.

తిరుగు రైల్లో నేను అరిచిన అరుపులకు పెట్టె పెట్టంతా మా వైపు తిరిగింది. నెల తిరక్కుండా కాస్పర్ ఆ ఉద్యోగం మానేసి మున్సిపల్ భవనాల శాఖలో చేరాడు. ఎవరింటి అటకకు కిటికీ ఎంత పెద్దది పెట్టుకోవచ్చో తేల్చి ముద్ర వేసే పని. అలాంటి కిటికీ గీసిన చెయ్యి పందొమ్మిదేళ్ళు ముద్రలు వేస్తూ గడిపింది. అది తలుచుకుని నేను ఎన్నిసార్లు ఏడ్చానో.

ఆ సాయంత్రం ఉడికిన బంగాళాదుంపలు వలుస్తున్న కాస్పర్‌కు ఫోను సంగతి చెప్పాను.

"వద్దు ట్రూడీ" అన్నాడు.

"ఎందుకు వద్దు?"

"పాతవన్నీ ఇప్పుడు తవ్వడం దేనికి? ముసలాడైపోయాడు. పోనీ."

"నువ్వు మంచోడివి, నీకు కోపం రాదు. నీ తరఫున కోపం తెచ్చుకునే డ్యూటీ నాది కదా. నాకొదిలెయ్."

ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. వలిచిన దుంపనే మళ్ళీ వలవబోయాడు. పాత గాయం కెలికానేమో అనుకుని నేనే జాలిపడ్డాను.

మే నెలలో జ్యూరిక్‌లో రుఖ్టి ఆఫీసుకు వెళ్ళాను. తెల్లటి గది, నల్లటి బల్ల, బల్ల మీద ఒకే ఒక పెన్సిలు. ఆయన లేచి చెయ్యిచ్చాడు. హోస్లి అన్న ఇంటిపేరు వినగానే ముఖంలో ఏమన్నా కదులుతుందేమోనని కళ్ళు విప్పి చూశాను. ఆరేళ్ళు తన బల్ల పక్కన వంగి పనిచేసిన మనిషి పేరు అది. ఊహూఁ, ఏమీ కదల్లేదు.

"మీ పుస్తకాల్లో ఖాళీ నాకు నచ్చుతుంది, హోస్లి గారూ. మిగతావాళ్ళు పేజీని బస్సులా కుక్కేస్తారు" అన్నాడు.

"అక్షరాల సంగతేమిటండీ? ప్రతి భవనం దగ్గరా వివరాలు రాయాలి. ఎప్పుడు కట్టారు, ఎవరు గీశారు, అవన్నీ."

"మీరు రాసెయ్యండి. అక్షరాల్ని నేను బూడిదరంగు గోడలా చూస్తానండీ. గోడ ఎత్తు కుదిరిందా లేదా, అంతే. చదివేదెవరు?"

నవ్వాను. ఇరవై ఏళ్ళలో నేను చూసిన ఆర్కిటెక్టులంతా ఇదే జాతి. అంచు ఒక మిల్లీమీటరు జరిగిందని ఆదివారం కూడా ఫోను చేస్తారు, తమ గురించి రాసిన పేరా మాత్రం చదవరు. ఈ సంగతి తెలుసుకోవడానికే నాకు యాభై ఎనిమిది పుస్తకాలు పట్టింది, తెలుసుకున్నది వృథా పోలేదు.

ఆయన పాత కాగితాల గది తాళాలు నాకిచ్చారు. అక్కడ మూడు రోజులు దుమ్ము తిని ప్రదాచ్ కట్ట పట్టుకున్నాను. అందులోనే ఆ కవరు కాగితం. అచ్చంగా కాస్పర్ చేతిరాత, కుదురైన పెద్ద అక్షరాలు. రాయడానికి మూడు గీతలుంటే రెండు నిండి ఉన్నాయి, మూడోది ఖాళీ. ఆ కాగితానికి నకలు తీసుకుని గుండెలకు హత్తుకుని రైలెక్కాను. మర్నాడు నూట ముప్ఫై ఏడో పేజీకి వివరం రాశాను. ప్రదాచ్ బడి, 1977–79. డిజైన్: కాస్పర్ హోస్లి, బల్తసార్ రుఖ్టి కార్యాలయంలో.

దొంగచాటుగా చేశానని ఎవరూ అనకూడదు. ప్రూఫులు ఆయనకు రెండుసార్లు పంపాను, రెండుసార్లూ ఎర్ర గీతలతో తిరిగొచ్చాయి. బొమ్మ రెండు మిల్లీమీటర్లు పైకి, పేజీ నంబరు సన్నగా, ఇలాంటివే అన్నీ. నూట ముప్ఫై ఏడో పేజీలో బొమ్మ చుట్టూ తెల్లదనం చాలా అందంగా ఉందని పక్కన రాశాడు కూడా.

ఆగస్టు చివర అచ్చు మొదలైంది. సరస్సు ఒడ్డున మా ప్రెస్సు, బయట జనం ఈత కొడుతుంటే లోపల మేం ఇంకు వాసనలో చెమటలు కక్కుతున్నాం. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ఒక్కో ఫారం మెషీను మీదికి ఎక్కాక మొదటి మంచి కాగితం తీసి బల్ల మీద పరుస్తారు. పదహారు పేజీలు ఒకే కాగితం మీద. దాన్ని చూసి మూల మీద 'అచ్చుకు సరే' అని రాసి సంతకం పెడితేనే మెషీను కదులుతుంది. సంతకం పడ్డాక ఆ కాగితం మీద ఉన్న ప్రతి చుక్కకూ సంతకం పెట్టినవాడిదే పూచీ. రుఖ్టి ఆ సంతకాలకు తానే వస్తానన్నాడు. రమ్మన్నాను, రాకపోతే బతిమాలేదాన్నే.

తొమ్మిదో ఫారం రెండో రోజు పొద్దున వచ్చింది. మెషీన్‌మన్ ఎమిల్ కాగితం పరిచాడు. అతనికి అక్షరాల్ని తలకిందులుగా కూడా చదివే అలవాటు. ఒకసారి కాగితం వంక, ఒకసారి నా వంక చూశాడు. కనుబొమలు పైకి లేచాయి. నేను కిటికీలోంచి సరస్సు చూస్తున్నట్టు నటించాను.

రుఖ్టి జేబులోంచి భూతద్దం తీసి ప్రదాచ్ బొమ్మ మీద పెట్టాడు. మెడ వంచి, ఊపిరి బిగబట్టి, కిటికీ గట్టు నీడను చూస్తున్నాడు. ఆయన మోచేతికీ నా భర్త పేరుకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం కూడా లేదు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, మెషీను ఆగి ఉంది కాబట్టి అందరికీ వినబడుతుందేమోనని భయపడ్డాను.

"నలుపు కాస్త పలచగా ఉంది" అన్నాడు.

ఎమిల్ నలుపు పెంచాడు. ఇంకో కాగితం పరిచాడు. రుఖ్టి వెనక్కి రెండడుగులు వేసి, కళ్ళు సగం మూసి చూశాడు. భూతద్దం అక్షరాల పక్కనుంచే జారి మళ్ళీ గట్టు మీదికి వెళ్ళింది.

"ఆహా" అన్నాడు. "ఇది. ఇప్పుడు కుదిరింది."

పెన్సిలు తీసి మూల మీద రాసి సంతకం పెట్టాడు. ఎమిల్ మీట నొక్కాడు. రెండు వేల రెండు వందల కాపీలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. నా పెళ్ళి రోజు గంటలు కూడా అంత బాగా మోగలేదు.

రుఖ్టి కాఫీ కప్పు ఎత్తి నా దగ్గరికి వచ్చాడు. "ఇన్ని నెలలు కలిసి పనిచేశాం. వయసులో పెద్దవాణ్ణి నేనే కాబట్టి నేనే అడగాలి. ఇక ఈ మీరు గీరు వద్దు, నువ్వు అని పిలుచుకుందాం. నేను బల్తసార్."

ఇలాంటి పిలుపు పెద్దవాళ్ళ నుంచి వస్తే మా వాళ్ళెవరూ కాదనరు. కప్పుకు కప్పు తాకించి పేరు చెప్పాలంతే.

"మీరు అనడమే నాకు బాగుందండీ, రుఖ్టి గారూ" అన్నాను. "అలాగే ఉండనిద్దాం."

ఎమిల్ చేతిలో గుడ్డ కింద పడింది. రుఖ్టి కప్పు గాల్లో ఒక క్షణం ఆగి కిందికి దిగింది. ఆయన ముఖం ఎర్రబడింది, చెవులు కూడా. ఆ ముఖం చూడ్డానికి ఎంతైనా ఇవ్వచ్చు అనిపించింది. ఇంకేం కావాలి ఈ జన్మకు అనుకున్నాను.

ఒక కాగితం చుట్ట చుట్టి ఇంటికి పట్టుకెళ్ళాను. శనివారం మధ్యాహ్నం, కాస్పర్ బాల్కనీలో టమాటా మొక్కలకు కర్రలు కడుతున్నాడు. "చేతులు కడుక్కుని రా" అని బల్ల మీద కాగితం పరిచాను. నాలుగు మూలలా నాలుగు పళ్ళేలు పెట్టాను, లేవకుండా. కాస్పర్ వంగి చదివాడు. వాడు ముందు అక్షరాలే చదివాడు, బొమ్మ చూడలేదు.

అరుస్తాడనుకున్నాను. నవ్వుతాడో, ఏడుస్తాడో, నన్ను కావలించుకుంటాడో అనుకున్నాను. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు.

"ఈ ఫారం అచ్చయిపోయిందా?" అన్నాడు.

"రెండు వేల రెండు వందలు. సంతకం వాడే పెట్టాడు. చూడు, ఇక్కడ."

"ట్రూడీ, ఆ కిటికీ నాది కాదు."

"మళ్ళీ మొదలెట్టకు. నీకు నువ్వే తక్కువ చేసుకుంటావు, ఇదే నీతో గోల."

"నాది కాదు. ఫ్లురినాది."

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. వాడి చిన్నప్పటి కుక్క పేరు కూడా నాకు తెలుసు.

"ఎవరా ఫ్లురినా?"

"ఫ్లురినా కాథోమాస్. ఆఫీసులో పని నేర్చుకోడానికి వచ్చిన పిల్ల. పందొమ్మిదేళ్ళు. ప్రదాచే ఆమె ఊరు. ట్రేసింగు కాగితం మీద పెన్సిలుతో గీసి తెచ్చింది. కిటికీ, గట్టు, గట్టు ఎత్తు, అన్నీ. నాకిచ్చి పెద్దాయనకు చూపించమంది. నేను ఇంకుతో ఎక్కించాను. అంతే నేను చేసింది."

"మరి చెప్పలేదేం రుఖ్టికి?"

"ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వాడు నా పని బాగుందని అనలేదు. ఆ రోజు నా బల్ల దగ్గర ఆగి, నీది బాగుందయ్యా అన్నాడు. చెబ్దామనే నోరు తెరిచాను. మాట రాలేదు. తర్వాత కవరు నింపింది నేనే. మూడో గీత మీద పెన్ను పెట్టి తీసేశాను."

టమాటా ఆకుల వాసన వాడి చేతుల నుంచి వస్తోంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబ్దామనే అనుకున్నాను. ఆ రోజు రైల్లో నువ్వు నాకోసం అలా అరిచావు కదా. నాకోసం అంతగా కోప్పడిన మనిషి నా జన్మలో లేదు ట్రూడీ, మా అమ్మ కూడా. అది పోతుందేమోనని భయం వేసింది. నాలుగు రోజులకు చల్లారుతావులే, అప్పుడు చెప్పచ్చులే అనుకున్నాను. నువ్వు చల్లారలేదు."

"పందొమ్మిదేళ్ళు!" అన్నాను. "సిగ్గు లేకపోతే సరి. నేను ఆ మనిషిని తిట్టుకుంటూ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ఉప్పందించావు. నా కోపాన్ని ఇంట్లో పొయ్యిలా వెలిగించుకుని చలి కాచుకున్నావు నువ్వు."

రుఖ్టి మీద నాకున్న కసి అంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. యాభై ఎనిమిది పుస్తకాలు ఒక అబద్ధం మీద కట్టాను. రుఖ్టి నా మొగుడి పేరు మింగాడని పగబట్టాను, నా మొగుడు మింగిన పేరు మీద నేనే అచ్చు గుద్దించాను.

సోమవారం బైండింగు ఆపించి ప్రదాచ్ వెళ్ళాను. కూర్‌లో రైలు దిగి పసుపు బస్సెక్కితే గంటంబావు ప్రయాణం. ఫ్లురినా గురించి అడగాల్సిన పనే లేకపోయింది, బస్సు స్టాపు ఎదురుగానే 'కాథోమాస్, కిటికీలు–తలుపులు' అని బోర్డుంది. లోపల నలభై ఏళ్ళ ఆవిడ, జుట్టు మీద రంపపు పొట్టు, చిత్రిక పడుతోంది. 

"నా పేరు ట్రూడి హోస్లి" అన్నాను.

చిత్రిక ఆగింది. "హోస్లి అంటే కాస్పర్ హోస్లి తాలూకా?"

ఆ పేరు గుర్తున్న మొదటి మనిషి ఆవిడే. చుట్ట విప్పి కాగితం ఆవిడ బల్ల మీద పరిచాను. పొట్టు ఊది, చేతులు జేబుల్లో పెట్టుకుని చదివింది. చదివి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"నలుపు బాగా వచ్చింది" అంది.

"నాకు శనివారం దాకా తెలీదమ్మా. ప్రమాణం చేసి చెప్తున్నా."

"నమ్ముతాను. తెలిసుంటే బస్సెక్కి ఇంత దూరం రారు కదా." ఒక స్టూలు నా వైపు తోసింది. "చలికాలంలో మా తమ్ముడు బస్సు కోసం బయట మంచులో నిలబడి కాళ్ళు గడ్డకట్టి ఏడ్చేవాడు. లోపల కూర్చుంటే మలుపు కనబడేది కాదు, బస్సు వెళ్ళిపోయేది. అందుకని గీశాను. కలా లేదు పాడూ లేదు. కాస్పర్ గారు చుట్ట తీసుకుని, పెద్దాయనకు నేను చెప్తాలే అన్నారు. చెప్పే మనిషే అనిపించింది. ఆఫీసులో నాతో మర్యాదగా మాట్లాడింది ఆయన ఒక్కరే."

"రుఖ్టి మీద కోపం రాలేదా?"

"ఆయనకు నేనున్నట్టే తెలీదు. గోడ మీద కోపం తెచ్చుకుంటామా? మీ ఆయనకు తెలుసు. బడి తెరిచిన రోజు వెనక వరసలో ఉన్నాను నేను. మీ ఆయన నన్ను చూశారు. చూసి బూట్ల వంక తిరిగారు."

"ఈ ఫారం మొత్తం తీసేసి కొత్తగా అచ్చు వేయిస్తాను. నీ పేరుతో."

"వద్దు."

"వద్దా?"

"మళ్ళీ వేస్తే శుభ్రంగా ఉంటుంది, హోస్లి గారూ. మీ ఇంట్లో ఏ తప్పూ జరగనట్టే ఉంటుంది. కాస్పర్ గారికి ఏమీ కాదు. అది నేనొప్పుకోను. ఈ పేజీ ఇలాగే ఉండనివ్వండి. దీని పక్కన నిజం రాసి పెట్టండి. నా పేరు, ఆయన పేరు, రెండూ. ఎవరు ఏం చేశారో."

"తప్పొప్పుల చీటీ పెట్టమంటావా?"

"మీ వాళ్ళు దాన్నేమంటారో నాకు తెలీదు. చిన్న కాగితమైనా సరే. పెడతారా?"

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ ఆ కళ్ళు నేనెరుగుదును. రోజూ పొద్దున అద్దంలో చూసుకునే కళ్ళే అవి.

"పెడతాను" అన్నాను.

తిరుగు బస్సులో గాని తెలిసిరాలేదు ఏం ఒప్పుకున్నానో. కాస్పర్ వచ్చే వసంతంలో రిటైరవుతున్నాడు. ఈ దేశంలో ఇల్లు కట్టే వృత్తి చాలా చిన్నది, ఆ చీటీ చదవని ఆఫీసు ఉండదు. వాడి మర్యాద, వేసిన ముద్రలు, ఇన్నేళ్ళ మంచి పేరు, అన్నీ నాలుగు వాక్యాలతో పోతాయి. వెయ్యకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే నాకూ రుఖ్టికీ తేడా లేదు. కాస్పర్‌కూ నాకూ తేడా లేదు. పైగా నిజం చెప్పాలంటే, ఊరుకోవాలని నాకు లేదు.

చీటీ రాసి వంటింటి బల్ల మీద వాడి ముందు పెట్టాను. *నూట ముప్ఫై ఏడో పేజీలో ఉన్నది తప్పు. ప్రదాచ్ బడి కిటికీని, గట్టును గీసింది ఫ్లురినా కాథోమాస్. ఆమె పేరు కవరులో రాయాల్సిన కాస్పర్ హోస్లి రాయలేదు. ఈ సంగతి ఆయన పందొమ్మిదేళ్ళు దాచాడు.*

రెండుసార్లు చదివాడు. జేబులోంచి పెన్సిలు తీసి, పందొమ్మిది కొట్టేసి, పైన ఇరవై ఒకటి అని రాశాడు.

"బడి తెరిచిన రోజు నుంచి లెక్కేశావు నువ్వు" అన్నాడు. "కవరు అంటించిన రోజు నుంచి లెక్కెయ్యాలి."

"సరే."

"ఇది నామీద పగా ట్రూడీ?"

"అవును."

తల ఊపాడు. కాగితం నా వైపు జరిపి లేచి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోశాడు. ఒక్క మాట, వద్దు అన్న ఒక్క మాట అన్నా నేను ఆగేదాన్నేమో. అనలేదు. అనకపోవడం మీద కూడా నాకు కోపమే వచ్చింది.

అక్టోబరు మొదటి శుక్రవారం జ్యూరిక్‌లో సభ. మూడు వందల మంది, అందరూ నల్ల బట్టల్లోనే. ఎవరి కుర్చీలో వాళ్ళకి ఒక్కో పుస్తకం, లోపల చీటీతో సహా, పెట్టించాను. కాస్పర్ రానంటాడనుకున్నాను, ఉన్న ఒక్క మంచి కోటూ వేసుకుని వచ్చాడు. తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డాడు.

పుస్తకంలో రాసింది చదవని జనం కూడా, ఒళ్ళోంచి చీటీ జారి పడితే వంగి తీసి చదువుతారు. హాలు పొడవునా తెల్ల కాగితాలు నేల మీద పడ్డాయి, తలలు వంగాయి, లేచాయి. గుసగుస మొదలై వరస వెంట వరస వెనక్కి పాకింది. వేదిక మీద రుఖ్టి కూడా పుస్తకం తెరిచాడు, ఆయన ఒళ్ళోనూ పడింది. తీశాడు, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. నా రాతల్లో ఆయన చదివింది అదొక్కటే.

"ఫ్లురినా కాథోమాసా?" అన్నాడు. ఎదురుగా ఉన్న మైకు సంగతి మర్చిపోయాడు. "ఎవరీమె? ఈ హోస్లి ఎవరు? వీళ్ళు నా ఆఫీసులో పనిచేశారా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు తేలికయ్యేది. తన పేరు మీద ఉన్న బడిని ఎవరు గీశారో తనకే తెలియదని మూడు వందల మంది ముందు ఆయన నోటితోనే చెప్పుకున్నాడు. నేను ఇన్నేళ్ళుగా కోరుకున్నది అంతకన్నా ఎక్కువేం కాదు. అయినా ఆ క్షణం నేను ఆయన వంక చూడ్డం లేదు.

"నేనండీ" అంది వెనక నుంచి ఒక గొంతు. ఫ్లురినా లేచి నిలబడింది, నేను పంపిన ఆహ్వానం అందుకుని వచ్చినట్టుంది. బూడిదరంగు స్వెట్టరు, చేతిలో చీటీ. 

జనం పక్కకు తప్పుకుంటుంటే కాస్పర్ గోడ వదిలి ఆమె దగ్గరికి నడిచాడు. ఏదో అన్నాడు, చిన్న మాట, నాకు వినబడలేదు. అని చెయ్యి చాపాడు. మా దేశంలో పసిపిల్లలు కూడా చాపిన చేతిని కాదనరు, బళ్ళో మొదటి రోజే అది నేర్పుతారు. ఫ్లురినా ఆ చేతి వంక చూసింది. చూసి, చీటీ మడిచి స్వెట్టరు జేబులో పెట్టుకుని, అతని పక్కనుంచి నడిచి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

చెయ్యి అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో వాడికి తెలియలేదు. కిందికి దించకుండానే మెల్లగా నా వైపు తిరిగాడు.

నేను రెండు చేతులతో పుస్తకం పట్టుకుని ఉన్నాను. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది, పుస్తకం అందులో పెట్టి ఆ చెయ్యి అందుకోవచ్చు. పెట్టలేదు.